గొర్రె లేని దీవిలో ఉన్ని పని



ఏడాది పొడుగునా ఉక్కపోసే మన అండమాన్ దీవుల్లో ఉన్ని గురించి మాట్లాడతానంటే నవ్వొస్తుంది. మా బ్రూక్షాబాద్‌లో ఇరుగుపొరుగు నవ్వారు కూడా. 2024లో పోర్ట్ బ్లెయిర్ పేరు మారి శ్రీ విజయపురం అయింది గానీ చెమటేం మారలేదు కదా, కంబళి కప్పుకుని ఏ కొండెక్కి కూర్చుంటావమ్మా అన్నారు. నేను చెప్పబోయేది కప్పుకునే కంబళి సంగతి కాదు. కింద పరుచుకునేది, వేడి గిన్నె దించి పెట్టుకునేది, బూటు అడుగున వేసుకునేది, మగ్గం గానీ సూది గానీ అక్కర్లేకుండా ఇంట్లోనే తయారయ్యేది ఒకటుంది. దాన్ని ఫెల్ట్ అంటారు. ఉత్తరాదిలో నమ్దా అంటారు.

ఫెల్ట్‌ను మీరెప్పుడూ చూడలేదనుకోకండి. భజన మందిరంలో హార్మోనియం పైపలక తీసి చూడండి. మెట్లు టకటకలాడకుండా వాటి కింద అతికించిన మెత్తని పట్టీ ఉంటుంది. అది ఫెల్టే. పియానోలో తీగను కొట్టే సుత్తికి తొడిగేదీ అదే. నేసిన గుడ్డకు పడుగు ఉంటుంది, పేక ఉంటుంది. దీనికి రెండూ లేవు. ఉన్ని పోగులే ఒకదాన్నొకటి పట్టుకుని గుడ్డవుతాయి.

ఎలాగంటారా? గొర్రె ఉన్ని పోగును మైక్రోస్కోపులో చూస్తే దాని ఒంటినిండా, ఇంటికప్పు మీద పెంకుల్లా, ఒకదానిపై ఒకటి ఎక్కిన పొలుసులు కనపడతాయి. అన్నిటి మొహమూ పోగు కొసవైపే. అందుకని పోగు మొదలువైపుకు సులువుగా జరుగుతుంది, కొసవైపుకు జరగమంటే మొరాయిస్తుంది. తడి, కాస్త వేడి, సబ్బు జారుడు, పైనుంచి ఒత్తిడి తగిలాయంటే ఒక్కో పోగూ మొదలువైపుకే పాకి పక్కవాటిలో చిక్కుకుంటుంది. ఇక వెనక్కి రాలేదు. ఉన్ని స్వెట్టర్‌ను తెలియక వాషింగ్ మెషీన్‌లో వేస్తే బిగుసుకుపోయి చంటిపిల్లాడికి సరిపోయేంత అయి బయటికొస్తుంది చూడండి, అక్కడ జరిగేదీ ఇదే. అక్కడ నష్టం, మనకిక్కడ లాభం.

ఇది నిన్నా మొన్నటి విద్య కాదు. ఆల్తాయ్ కొండల్లో పజీరిక్ అనే చోట, మంచు గడ్డకట్టిన సమాధుల్లో, సుమారు 2,400 ఏళ్ల నాటి ఫెల్ట్ తెరలూ ఫెల్ట్‌తో చేసిన హంస బొమ్మలూ రంగులతో సహా దొరికాయి. ఇప్పుడవి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెర్మిటేజ్ మ్యూజియంలో ఉన్నాయి. మంగోలియా సంచార జాతుల గుడారాల గోడలు ఫెల్టే. కిర్గిజ్ వాళ్ల ఫెల్ట్ తివాచీల విద్యను యునెస్కో 2012లో, వెంటనే కాపాడుకోవాల్సిన వారసత్వాల జాబితాలో చేర్చింది. మన దేశంలో కశ్మీరు, కచ్, రాజస్థాన్‌లోని టోంక్ నమ్దాలకు పేరుపడ్డాయి. తెలుగునాట గొర్రెలు కాచే కురుమలు మగ్గం దారి పట్టారు, గొంగడి నేశారు. ఆ సంగతి మళ్లీ చెబుతాను. ముందు ఉన్ని ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలో చూద్దాం. నా లెక్కలో సగం ఫెల్ట్ మంద దగ్గరే తయారవుతుంది. తప్పుడు ఉన్ని తెచ్చుకుంటే ఇంటికొచ్చాక ఎంత రుద్దినా చేతులు నొప్పెట్టడమే మిగులుతుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి 13 మందికి తెలుగు మాతృభాష. మనలో చాలామంది పెద్దలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వచ్చినవాళ్లే. కోస్తావాళ్లం కాబట్టి మనకు తెలిసిన గొర్రెకు అసలు ఉన్నే ఉండదు. నెల్లూరు గొర్రెనే తీసుకోండి. పొడుగులో మన దేశంలో దాన్ని మించిన జాతి లేదంటారు. తెల్లదాన్ని పల్ల అంటారు, తెలుపు మీద నల్లమచ్చలుంటే జోడిపి, గోధుమరంగుదైతే దొర. ఏదైనా సరే, ఒంటిమీద ఉండేది పొట్టి వెంట్రుకే. మాంసానికి మేలుజాతి, మన పనికి సున్నా.

మరి మేక వెంట్రుక పనికిరాదా అని మా పక్కింటి పిన్నిగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. గొర్రెల మందలు ఇక్కడ కనపడవు గానీ మేకలకు కొదవ లేదు. నికోబార్ వైపు తెరెసా మేకలున్నాయి. అగ్నిపర్వతం పొగలు కక్కే బారెన్ దీవిలో కూడా మేకలు అడవిపడి బతుకుతున్నాయి. కానీ మేక వెంట్రుక నున్నన, దాని పొలుసులు ఒంటికి అంటుకుపోయి ఉంటాయి. తాడు పేనుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఫెల్ట్‌కు మాత్రం లొంగదు. కొబ్బరి పీచూ అంతే. పీచు పని ఈ ఊరికి కొత్త కాదు, సెల్యులార్ జైల్లో ఖైదీల చేత కొబ్బరి డొక్కలు బాదించి పీచు తీయించిన చేదు చరిత్ర మనది. పీచుకు పొలుసే లేదు, ఇక పట్టేదేమిటి?

కాబట్టి ఉన్ని కావాలంటే సముద్రం దాటాలి, ఆపైన పీఠభూమి ఎక్కాలి. పాలమూరు, మెదక్, నల్లగొండ, అటు అనంతపురం, కర్నూలు. అక్కడుంది దక్కనీ గొర్రె. చిన్న శరీరం, ఎక్కువగా నల్లరంగు, మైళ్లకొద్దీ నడిచే కాళ్లు. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తే రెండూ కలిపి అరకిలో, మహా అయితే ముప్పావు కిలో ఉన్ని ఇస్తుంది. సన్న ఉన్ని ఇచ్చే మెరీనో గొర్రెతో పోలిస్తే ముతక. మెరీనో పోగు మందం 20 మైక్రాన్ల దగ్గర ఉంటే దక్కనీ దానికి రెట్టింపు దాటుతుంది. ఒంటికి తగిలితే గుచ్చుకుంటుంది. ఇంత ముతక ఉన్నితో శాలువాలు కాదు, కింద పరుచుకునేవే చేయాలి.

ఈ ఉన్నికి ఇప్పుడు పట్టిన గతి చూస్తే బాధేస్తుంది. గొర్రె బొచ్చు కత్తిరించినవాడికిచ్చే కూలికి, ఆ ఉన్ని అమ్మితే వచ్చే డబ్బు సరిపోవడం లేదు. కొనేవాడు రాకపోతే కత్తిరించిన చోటే వదిలేస్తున్నారు. మాంసానికి గిరాకీ పెరిగిన కొద్దీ దక్కనీ మందల్లో ఉన్ని లేని పొట్టేళ్లు చేరాయి. 2017లో తెలంగాణ ప్రభుత్వం 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున 75 శాతం సబ్సిడీ మీద పంచింది. కాపరి చేతిలో నాలుగు డబ్బులు ఆడటం మంచిదే. కానీ ఆ పథకంలో బయటి నుంచి తెచ్చినవి ఎక్కువగా ఉన్ని లేని జాతులే. సంకరమైన గొర్రె ఒంటిమీద పెరిగేది అటు ఉన్నీ కాదు, ఇటు వెంట్రుకా కాదు. మనలాంటి కొనుగోలుదారుకు అసలు మోసం అక్కడే ఎదురవుతుంది.

అందుకని చేత్తో పట్టి చూడాలి. మా ఆడపడుచు అత్తవారిది నారాయణపేట వైపు. అక్కడ కత్తిరింపు రోజున మంద దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను. గొర్రెను నాలుగు కాళ్లూ కట్టి పడుకోబెడతారు. పెద్ద కత్తెర ఒంటికి ఆనించి, చర్మం తెగకుండా, కరకరమని పొట్టవైపు నుంచి వీపుమీదికి వస్తారు. ఉన్ని ఒక్క దుప్పటిగా ఊడిపడుతుందనుకున్నాను. అలా రాలేదు, పెళ్లలు పెళ్లలుగా రాలింది. అందులో పల్లేరు ముళ్లు, ఉత్తరేణి గింజలు, ఎండిన పేడ ఉండలు, మట్టి. ఆ మందకు పెద్దాయన, వయసు డెబ్బై పైమాటే, నేనేరుకున్న పెళ్ల నా చేతిలోంచి తీసేసి పక్కన పడేశాడు. అది తోకవైపుది, బిడ్డా, దాంతో ఏమొస్తది అన్నాడు. తర్వాత భుజం మీది ఉన్ని ఒక గుప్పెడు తీసి, రెండు చేతులతో రెండు కొసలూ పట్టి చెవి దగ్గర టప్పున లాగి వినిపించాడు. బాగున్న ఉన్ని తీగ మీటినట్టు మోగుతుంది. కరువులో తిండిలేకో, జ్వరమొచ్చో చిక్కిన గొర్రెదైతే పుటుక్కుమని మధ్యకు తెగుతుంది. మంచి ఉన్ని భుజాలదీ పక్కలదీ. పొట్టదీ తొడలదీ వద్దు. పిల్లకు మొట్టమొదటిసారి కత్తిరించిన ఉన్ని దొరికితే అంతకన్నా అదృష్టం లేదు, దాని కొసలు సన్నగా ఉంటాయి, త్వరగా పట్టుకుంటుంది. కాపరి ఊరికే తీసుకుపొమ్మంటాడు. ఊరికే తీసుకోకండి. ఆ రోజు కత్తెర పట్టినవాడి కూలికి తక్కువ కాకుండా లెక్కగట్టి ఇచ్చి తీసుకుంటే మర్యాద.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. చచ్చిన గొర్రె ఉన్ని ముట్టుకోవద్దు. ఆంత్రాక్స్ సూక్ష్మజీవి విత్తు ఉన్నిలోనూ తోలులోనూ ఏళ్ల తరబడి బతుకుతుంది. ఇంగ్లండులో ఉన్ని మిల్లుల్లో ఉన్ని వేరుచేసే కూలీలు ఊపిరితిత్తుల ఆంత్రాక్స్‌తో చనిపోయేవారు, ఆ జబ్బుకు ఉన్ని కూలీల జబ్బనే పేరు పడింది. మన విశాఖ మన్యంలోనూ ఆంత్రాక్స్ మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. ఎదురుగా బతికున్న, ఆరోగ్యంగా మేస్తున్న మంద నుంచే తీసుకోండి. పొడి ఉన్ని దులిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఓడలో వేయించే ముందు ఇక్కడి పశుసంవర్ధక శాఖలో ఒకమాట అడగండి. జంతువులకు సంబంధించిన సరుకు దీవుల్లోకి తెస్తున్నప్పుడు అడిగి తెచ్చుకోవడమే క్షేమం.

స్వయంగా వెళ్లలేక ఎవరిచేతనో తెప్పించుకుంటే, వచ్చిన మూటలోంచి చిటికెడు తీసి అగ్గిపుల్లతో అంటించండి. ఉన్నయితే జుట్టు కాలిన కంపు కొడుతుంది, మంట తీస్తే ఆరిపోతుంది, మిగిలిన నుసి వేళ్ల మధ్య పొడవుతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూస కడుతుంది. బజారు ఉన్ని దారాల్లో మెషీన్‌లో ఉతికినా కుదించుకుపోకూడదని పొలుసులు అణిచేసినవి కూడా ఉంటాయి. అవి కాలిస్తే ఉన్నిలాగే కాలతాయి గానీ ఫెల్ట్ కావు.

ఇక ఉతుకు. ఇక్కడ మన ఊరి నీళ్ల కథ అడ్డొస్తుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట వేసవి వచ్చేసరికి ధనిఖారి జలాశయం వైపు చూస్తూ కుళాయి కోసం కాపలా కాస్తాం. వానాకాలంలో నీళ్లుంటాయి, ఎండ ఉండదు. మార్చిలో ఎండ ఉంటుంది, నీళ్లుండవు. ఉన్నికి రెండూ కావాలి. నాకు కుదిరిన రోజులు డిసెంబరు ఆఖరు, జనవరి. కప్పు మీది వాననీళ్లు తొట్టెలో ఇంకా ఉంటాయి, ఎండా మొదలవుతుంది. వాననీటిలో ఉప్పులు లేవు కాబట్టి సబ్బు విరగదు. బోరు నీటికన్నా ఉన్ని పనికి ఇదే మేలు.

ముళ్లు, పేడ ఉండలు ఏరేశాక ఉన్నిని పాత దోమతెర సంచిలో వదులుగా కట్టి చల్లని వాననీటిలో ముంచి వదిలేయండి. గొర్రె చెమటలో పొటాషియం లవణాలుంటాయి. అవి నీటిలో కరిగి, ఒంటి జిడ్డుతో కలిసి, తమంతట తామే సబ్బు పని చేస్తాయి. మూడోనాటికి నీళ్లు కాఫీ డికాక్షన్ రంగుకొస్తాయి. కంపు మాత్రం భరించాలి, తొట్టె వంటింటి కిటికీ కింద పెట్టకండి. విదేశీ పద్ధతులు రాసినవాళ్లు మరుగుతున్న నీళ్లు, సబ్బు పొడి, నాలుగైదు జాడింపులు అంటారు. జిడ్డోడే మెరీనోకు అది అవసరమే. మన దక్కనీ ఉన్నిలో జిడ్డు తక్కువ, మట్టి ఎక్కువ. చల్లటి నానుడే సగం పని చేస్తుంది. తర్వాత చెయ్యి పట్టేంత వేడినీటిలో కుంకుడు రసం పోసి ముంచి తీస్తే చాలు. ఇక్కడ పిసకొద్దు, తిప్పొద్దు, కుళాయి ధార నేరుగా పడనివ్వొద్దు. వేడినుంచి ఒక్కసారిగా చల్లటి నీటిలో వేయొద్దు. అలా చేస్తే ఉన్ని తొట్టెలోనే ముద్దకట్టేస్తుంది. ఉతుక్కి కుంకుడు, ఫెల్ట్‌కు సబ్బు అని గుర్తుపెట్టుకోండి. కుంకుడు రసం కాస్త పులుపు గుణం, పొలుసులను లేవనివ్వదు. సబ్బు క్షారం, వాటిని లేపుతుంది.

ఆరిన ఉన్నిని ఏకాలి. దూదేకులవాళ్ల విల్లు దొరికే రోజులు కావివి. కుక్కను దువ్వే తీగ బ్రష్షులు రెండు చాలు. ఎదురెదురుగా లాగుతుంటే మిగిలిన ముళ్లూ మట్టీ రాలి, పోగులు విడిపోయి పైకి పొంగుతాయి. ఓపిక పరీక్షించే పని ఇదే. రేడియో పెట్టుకుని చేయండి.

రెండడుగుల చదరపు ఆసనం కావాలంటే ఏకిన ఉన్ని సుమారు అరకిలో ఉండాలి, పరిచేది మాత్రం మూడడుగుల చదరంలో. మూడో వంతు కుదించుకుపోతుందని లెక్క. వరండాలో వెదురు తెర ఒకటి పరిచి, దానిమీద పల్చటి పొరగా ఉన్నిని పోగులన్నీ ఒకేవైపు ఉండేలా పరవండి. రెండో పొర దానికి అడ్డంగా, మూడోది మళ్లీ నిలువుగా, నాలుగోది అడ్డంగా. ఎక్కడా సందు కనపడకూడదు. వెలుతురుకు ఎదురుగా చూస్తే పల్చబడ్డ చోటు తెలిసిపోతుంది, అక్కడ ఇంకో చిటికెడు వేయండి. పైన దోమతెర కప్పి, సబ్బు తురిమి కలిపిన వేడినీళ్లు చేత్తో చిలకరించి, గాలి పోయేలా అరచేతులతో నొక్కండి. ముందు ఒత్తుడే, రుద్దుడు కాదు. తొందరపడి రుద్దితే పొరలు పక్కకు జారిపోతాయి. పావుగంట పోయాక తెర ఎత్తి, ఉన్నిని చిటికెతో పైకి లాగి చూడండి. పోగులు విడిగా లేచొస్తే ఇంకా కాలేదు. మొత్తం కలిసి చర్మంలా లేస్తే పట్టుకుందని అర్థం. అప్పుడు వెదురు తెరతో సహా ఒక ప్లాస్టిక్ పైపుకు బిగించి చుట్టి, తాడు కట్టి, కాళ్లతో ముందుకూ వెనక్కూ దొర్లించాలి. మధ్యమధ్య విప్పి, పక్కకు పూర్తిగా తిప్పి మళ్లీ చుట్టాలి. ఏవైపు దొర్లిస్తే ఆవైపే కుదించుకుపోతుంది కాబట్టి నాలుగు దిక్కులూ తిప్పాలి. కశ్మీరులోనూ కచ్‌లోనూ ఇద్దరు ముగ్గురు కలిసి దొర్లిస్తారు. మా ఇంట్లో పిల్లలు సెలవు రోజుల్లో ఇది ఆటగా పట్టుకున్నారు. దక్కనీ ఉన్ని ముతకది కాబట్టి మెరీనోకన్నా చాలా ఎక్కువసేపు పడుతుంది. చివర సబ్బు పోయేదాకా జాడించి, ఆఖరి నీళ్లలో ఒక చెంచా వెనిగర్ కలిపి, పరిచి నీడన ఆరబెట్టాలి. తాడు మీద వేలాడదీస్తే సాగుతుంది.

వచ్చేది ఏమిటి? బూడిద కలిసిన నలుపులో, బరువుగా, కాస్త గరుకుగా ఉండే ముక్క. పైన నిటారుగా లేచిన ముతక వెంట్రుకలు కొన్ని ఉంటాయి. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరకూడదంటారు కదా, ఇక్కడా ఏరడం మొదలెడితే తెల్లారుతుంది. మన వాతావరణంలో దీని గుణం ఒకటి నాకు బాగా నచ్చింది. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా చెమ్మ పీల్చుకుని కూడా తడిగా తోచదు. వానాకాలంలో చెమ్మెక్కిన సిమెంటు నేల మీద ప్లాస్టిక్ చాప వేసుకుంటే కింద నీళ్లు పడతాయి, దీనిమీద కూర్చుంటే పొడిగానే ఉంటుంది. మంట త్వరగా అంటుకోదు కాబట్టి వేడి గిన్నె కిందికీ బాగుంటుంది.

కానీ దీన్ని గొంగడితో పోల్చొద్దు. కురుమ ఇళ్లలో ఆడవాళ్లు వడికిన దారాన్ని మగవాళ్లు గుంట మగ్గం మీద నేసి, చింతగింజల జిగురు పట్టించి తీసే గొంగడి వేరే ఎత్తు. వానొస్తే తలమీది నుంచి మడిచి కప్పుకుని, రాత్రయితే పరుచుకుని, బీరప్ప కొలుపుల్లో దేవుడి ముందు పరిచి, ఓ కాపరి జీవితమంతా దానిమీదే వెళ్లిపోతుంది. మన ఫెల్ట్ నేత రానివాళ్ల సరదా. గొంగడి దొరికే చోట గొంగడే కొనండి. దాన్ని నేసే చేతులు ఏటేటా తగ్గిపోతున్నాయి. పారేసే ఉన్ని మిగిలితే దాంతో ఫెల్ట్ చేసుకోండి. దీన్ని వ్యాపారం చేద్దామని అడిగేవాళ్లున్నారు. ఓడ ఖర్చు, నీళ్ల ఖర్చు కలిపి చూస్తే నాకైతే లెక్క తేలలేదు, ఇంటి అవసరానికీ బంధువులకివ్వడానికీ చాలు.

దాచుకోవడంలో ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. ఉన్నిలో ఉండేది కెరాటిన్, మన గోళ్లలో ఉండేదే. దాన్ని తినే పురుగులున్నాయి. వాటికి చీకటీ నిశ్శబ్దమూ ఇష్టం. పెట్టె అడుగున పెట్టి మరిచిపోతే జల్లెడవుతుంది. వాడుతూ ఉంటే ఏమీ కాదు. ఎండ కాసిన ప్రతిసారీ ఒకసారి బయటవేసి రెండువైపులా దులపండి. ఇంకా చేయని ఉన్ని ఉంటే పూర్తిగా ఆరాక గుడ్డ సంచిలో వేపాకుతో కట్టి గాలి ఆడేచోట వేలాడదీయండి. ప్లాస్టిక్ సంచిలో కడితే బూజు పడుతుంది.

చివరగా, చల్లని నానుడు నీళ్లు కాలవలో పారబోయకండి. అందులో ఉన్న పొటాష్ కొబ్బరికి మంచి మేత. వాసన ఒక పూట ఉంటుంది, ఇంటికి దూరంగా ఉన్న చెట్టు చూసి మొదట్లో పోయండి. తోకవైపు ముక్కలు, ఏకేటప్పుడు రాలిన చెత్త కూడా ఆ పాదులోనే కప్పేయండి, వేసవిలో తడి ఆరనివ్వదు. సబ్బునీళ్లు మాత్రం వేరే పారబోయాలి. బావి పక్కన ఉన్న చెట్టుకు ఇవేవీ వద్దు.